ఉలవలు పెట్టిన చెయ్యి

రేకు ముక్క మీద ఎత్తుకొచ్చిన గుర్రపు లద్దెను త్రివేణి తెచ్చి అరుగు మీద అత్తగారి ముందు పెట్టింది. లక్ష్మీనర్సమ్మ అప్పుడే జొన్నరొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకోబోతోంది.

“ఏందే ఇది పొద్దుగాల పొద్దుగాల?” అంటూ పళ్ళేన్ని పక్కకు లాక్కుంది.

“సూడు అత్తా. దగ్గరికొచ్చి మంచిగ సూడు.”

“లద్దెల సూసుడు ఏముంటదే? నాకేం పనిలేదనుకున్నవా?”

త్రివేణి పుల్ల తీసుకుని లద్దెను రెండుగా చీల్చింది. లోపల ఉలవ పొట్టు, దాంతోపాటు అరగని గింజలు నాలుగైదు ఎర్రగా కనిపించాయి.

“ఉలువలు” అంది త్రివేణి. “డాక్టరమ్మ నీ ముంగట్నే చెప్పింది గద. ఎండుగడ్డి, నీళ్ళు, గంతే. ఇంకోటి దాని నోట్లె పడొద్దన్నది. నువ్వు తలకాయ ఊపినవ్.”

“ఊపిన.”

“మరి గివెట్లొచ్చినయ్?”

లక్ష్మీనర్సమ్మ లద్దె వంక చూసింది, కోడలి వంక చూసింది. రొట్టె ముక్క పళ్ళెంలో పడేసి చెయ్యి కడుక్కుంది.

కొట్టంలో గుర్రం, చాందిని, ముందుకాళ్ళు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడి ఉంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా తారురోడ్డు మీద నిలబెట్టిన మనిషిలా, ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు ఎత్తి దించుతోంది. మొన్న శనివారం అదే గుర్రం పట్టుకున్నవాళ్ళు లేకుండా కొట్టం చుట్టూ రెండు చుట్లు తిరిగింది. ఆ రోజు త్రివేణి ఇసుకలో కూర్చుని ఏడ్చింది, ఆనందం పట్టలేక. ఇవాళ తెల్లారి గిట్ట మీద చెయ్యి పెడితే పొయ్యి మీది పెనంలా కాలుతోంది.

గొర్రెల గిట్టలు చెక్కీ చెక్కీ చేతులు కాయలు కాసిన ఇల్లు అది. అందుకే మొదట్లో గుర్రం గిట్ట కూడా గొర్రె గిట్టలాంటిదే అనుకుని, చెక్కి, మైలుతుత్తం నీళ్ళలో నిలబెట్టి మూడు వారాలు పాడుచేశారు. పాలమూరు నుంచి వచ్చిన శైలజ డాక్టరమ్మ తల పట్టుకుంది. “ఇది గిట్ట జబ్బు కాదమ్మా, తిండి జబ్బు. బలమైన దాణా ఎక్కువైతే గిట్టలోపల వాచి, ఎముక పట్టు తప్పుతది. ఇంకోసారి తిరగబెడితే ఆ ఎముక అడుగు చీల్చుకుని బయటికొస్తది. అప్పుడు నేను వచ్చేది మందియ్యనీకి కాదు, సూది వేసి సాగనంపనీకి” అని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

చెప్పడం సులువే. కానీ గొల్లకురుమల ఇంట్లో తెల్ల గుర్రం కట్టేసి ఉంటే ఊరు ఊరుకుంటుందా? అది మల్లన్న దేవుడి గుర్రమంది. నుదుటికి బండారి పసుపు పూసింది. పొద్దున లేస్తే గంపల్లో ఉలవ గుడాలు, బెల్లం ముక్కలు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. ఇక్కడ దాణా ఎక్కువయ్యే గుర్రం కుంటిదైంది. చివరికి త్రివేణి కొట్టానికి తడక కట్టించి, తాళం వేసి, చెవి తెచ్చి అత్త కొంగుకు ముడివేసింది. పెద్దమనిషిని నమ్మినట్టు ఉంటుందని.

ఇప్పుడు ఆ చెవి వంకే వేలు చూపించింది.

“తాళం నీ కొంగుకే ఉన్నది. ఊరోళ్ళు రాలే. ఇంట్ల ఉన్నది ముగ్గురం. నేను పెట్టలే. ఆయనకు నీకంటె నాకంటె ఎక్కువ ఎరుక, తొమ్మిదేండ్లు షాద్‌నగర్‌ల గుర్రాల నడుమనే బతికిండు. ఇగ మిగిలిందెవరు?”

“నేను.”

“నేననట్లే. లద్దె అంటున్నది.”

పక్కింటి నాగులమ్మ గోడమీంచి తల పెట్టింది. బిందెలతో పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగిపోయారు. త్రివేణి వాళ్ళను చూసింది కానీ నోరు ఆగలేదు. నాలుగు నెలలుగా మింగిన మాటలు ఒక్కసారే తోసుకొచ్చాయి.

“నువ్వు దేవుడని పెడ్తున్నవ్ అత్తా, అది సావుకు దగ్గరైతున్నది! నా పుట్టింటోళ్ళిచ్చిన పదకొండు గొర్లిచ్చి తెచ్చుకున్న దాన్ని. ఊరంత నవ్వింది, నవ్వనియ్యి అనుకున్న. నీ కొడుకు మల్ల మనిషైతడని తెచ్చిన. నీ చేతులార దాన్ని సంపుతున్నవ్!”

లక్ష్మీనర్సమ్మ లేచి లోపలికి పోయింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో దేవుడి గూట్లో ఉండే ఇత్తడి గిన్నె ఉంది. అందులో మల్లన్న బండారి.

“అత్తా, వద్దు” అంది త్రివేణి. కోపం ఎక్కడికో పోయింది.

లక్ష్మీనర్సమ్మ అరచెయ్యి గిన్నెలో ఆనించింది.

“డాక్టరమ్మ వద్దన్న కాడికెల్లి, ఈ చెయ్యి ఆ గుర్రానికి ఒక్క ఉలువ గింజ పెట్టలే. పెడితె మల్లన్న నా వంశం సూస్కుంటడు.”

బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. దొంగిలించిన గొర్రెను కూడా బండారి ముందు పెట్టేసరికి ఒప్పుకుని తోలుకొచ్చిన మనుషులున్న ఊరది. కోర్టులో అబద్ధమాడి బయటికొచ్చినవాడు కూడా బండారి ముట్టి అబద్ధమాడడు.

“నీ మామ పొయ్యి, గొర్లు పొయ్యినంక ఈ గడప తొక్కినోళ్ళు లేరు” అంది లక్ష్మీనర్సమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, అదే త్రివేణిని ఎక్కువ భయపెట్టింది. “గా గుర్రం వచ్చినంక పదిమంది వచ్చి అవ్వా అని పిలుస్తున్రు. నేను దాన్నెందుకు సంపుకుంటనే? పిలువు, పూజారి భిక్షాన్ని పిలువు. పెట్టిన చెయ్యి ఏదో బయట పడేదాంక నాకు మంచినీళ్ళు గూడ వద్దు.”

గిన్నె పక్కన పెట్టుకుని అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన రొట్టె అట్లాగే ఉంది. షుగర్ గోళీలు వేసుకునే మనిషి ఆమె.

*

మధ్యాహ్నం దాకా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా లేదు.

త్రివేణి మూడుసార్లు నీళ్ళ చెంబు తీసుకుపోయింది. మూడుసార్లూ లక్ష్మీనర్సమ్మ మొహం తిప్పుకుంది. నాలుగోసారి త్రివేణి కాళ్ళ దగ్గర కూర్చుంది.

“తప్పైంది అత్తా. తాగు.”

“తప్పైందని ఎవరికి చెప్తున్నవ్? నాకా? మందిల అన్న మాట మందిలనే తీసుకోవాలె. ఊకె తీసుకుంటె గూడ పోదు. మల్ల ఎవరు పెట్టిన్రంటరు.”

అది నిజమే. త్రివేణికి ఆ మాటే పొద్దుటి నుంచి తలలో తిరుగుతోంది. అత్త పెట్టలేదు, తను పెట్టలేదు. ఉలవలు మాత్రం గుర్రం కడుపులోకి పోయాయి.

కొట్టంలో పరశురాం ఉన్నాడు. బకెట్లలో చల్లనీళ్ళు పోసి చాందిని ముందుకాళ్ళు అందులో పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుటి గొడవంతా విన్నాడు. బయటికి రాలేదు. ఆయన ఏ గొడవలోకీ రాడు, ఏడాదిగా అంతే.

ఏడాది కింద షాద్‌నగర్‌లో ఒక ఫంక్షన్‌హాల్ ముందు, పెళ్ళికొడుకును ఎక్కించుకున్న చాందిని ముందుకాళ్ళ మీద కూలబడింది. పెళ్ళికొడుకు కింద పడ్డాడు. పెళ్ళివాళ్ళు పరశురాంను బ్యాండు కర్రలతో కొట్టారు. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. అది ఈ ఊరికి ఆయనకంటే ముందే వచ్చింది. నాలుగు నెలల కింద గుర్రం యజమాని కుంటిదాన్ని వదిలించుకుంటానంటే, త్రివేణి పోయి తన గొర్రెలిచ్చి తోలుకొచ్చింది. గుర్రం కాళ్ళు బాగైతే, ఆ తాడు పట్టుకుని మొగుడు మళ్ళీ తలెత్తుకుని నడుస్తాడనుకుంది. షాద్‌నగర్‌లో చిన్న గది, వెనక రేకుల కొట్టం, తన పొయ్యి తనది, తన తాళంచెవి తనది. ఈ ఆశ మీదే నాలుగు నెలలుగా గిట్టలు కడిగింది, గడ్డి నానబెట్టింది, ఏటి ఇసుక మోసింది.

“జర తగ్గిందా?” అని అడిగింది.

“లే.”

“డాక్టరమ్మకు ఫోన్ చేసిన. గురువారం వస్త అన్నది. అప్పటిదాంక గడ్డి దప్ప ఏమీ ముట్టకుంటె గండం గడుస్తదంట.”

చాందిని మెడ వంచి, ఆయన అంగీ పక్కజేబును మూతితో తడిమింది. పెదవులు ఆడించింది. మళ్ళీ తడిమింది. ఆయన మెల్లగా దాని మొహాన్ని పక్కకు తోశాడు.

త్రివేణి గుర్రాలను నాలుగు నెలలుగా మాత్రమే ఎరుగును. కానీ మేకలను, గొర్రెలను పుట్టినప్పటి నుంచి ఎరుగును. ఏ జంతువూ ఖాళీ జేబును రెండోసారి వెతకదు.

“అంగీ ఇయ్యి” అంది.

“ఎందుకు?”

“ఉతకనీకి.”

“పొద్దున్నే వేసుకున్న.”

ఆమె వంగి జేబులో చెయ్యి పెట్టింది. ఆయన ఆపలేదు. వేళ్ళకు తడి తగిలింది. చెయ్యి తీసి చూస్తే నానిన ఉలవ పొట్టు గోళ్ళకు అంటుకుని ఉంది.

కంచే చేను మేస్తే రైతు ఎవరికి చెప్పుకుంటాడు? త్రివేణి అట్లాగే కూర్చుండిపోయింది. బకెట్లో నీళ్ళు ఒలికి ఆమె చీర తడుస్తున్నా జరగలేదు.

“ఎన్నిసార్లు?”

“మూడొద్దులకోసారి. పిడికెడు.”

“తాళం?”

“అమ్మ తానం చేసేటప్పుడు చీర గోడ మొలకు తగిలిస్తది.”

“నీకెరుకనే గద. ఉలువలు పెడితె ఏమైతదో డాక్టరమ్మ చెప్పినప్పుడు నువ్వు గూడ ఈడనే ఉన్నవ్. ఎరుక లేక పెట్టినవంటె ఒక తీరు. ఎరుకుండి పెట్టినవ్.”

“ఆ.”

“దాన్ని సంపాలనా?”

“సంపాలని గాదు!” మొదటిసారి ఆయన గొంతు లేచింది. వెంటనే బయటికి వినిపిస్తుందని తగ్గించుకున్నాడు. “దాని మీద నాకు పగ లేదు త్రివేణీ. అది ఆ దినం నన్ను ఒక్కసారి గూడ తన్నలే, కొరకలే. శనివారం తిరిగింది సూడు రెండు సుట్లు. నువ్వు ఏడ్చినవ్. నాకేమో కాళ్ళల్ల చెమట పట్టింది. అది నడిస్తె నువ్వు నన్ను నడిపిస్తవ్. మల్ల షాద్‌నగర్, మల్ల గా రోడ్డు, గా బ్యాండోళ్ళు. ఎవడో ఒకడు ఫోన్ తీసి, ఇగో వీడే గద అంటడు.”

“నాకెందుకు చెప్పలే?”

“నువ్వు గొర్లిచ్చి తెస్తివి. పొద్దుమాపు దాని కాళ్ళు పట్కొని కూసుంటివి. నీ మొహం సూసి ఎట్ల చెప్పాలె? ఈడ కుంటిగనైన ఉంటె, మల్లన్న గుర్రం గలాయన అని నలుగురు దండం పెడ్తున్రు. గదే సాలనిపించింది.”

ఆమెకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. అదే క్షణంలో తలను ఒళ్ళో పెట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. గురువారం దాకా మూడు రోజులుంది, అదొక్కటే లెక్క వేసుకుంది.

“మీ అమ్మ పొద్దుటి సంది నీళ్ళు ముట్టలే” అంది. “బండారి మీద చెయ్యి పెట్టింది. పొయ్యి చెప్పు. నేనని చెప్పు.”

“మందిలనా?”

“మందిలనే.”

ఆయన చేతులు చూసుకున్నాడు. “నువ్వే ఏదన్న ఒకటి చెప్పరాదు. నీకు మాటలొస్తయ్.”

*

నాలుగు గంటలకు భిక్షం వచ్చాడు. ఒగ్గు పూజారి, డెబ్భై దాటినవాడు. ఊళ్ళో మల్లన్న పూజకు పట్నం ముగ్గు వెయ్యాలన్నా, అన్నదమ్ముల కొట్లాట తెంపాలన్నా ఆయనే. వెనక ఇరవైమంది దాకా ఉన్నారు. వాకిట్లో వేపచెట్టు నీడ వాళ్ళకు చాలలేదు.

లక్ష్మీనర్సమ్మ గోడకు ఆనుకునే ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. నాగులమ్మ విసనకర్రతో విసురుతోంది.

“అక్క బండారి ముట్టింది. ఆమె మాట మీద ఇగ మాట లేదు” అన్నాడు భిక్షం. “త్రివేణీ, నిందేసింది నువ్వు బిడ్డా. పెట్టినోళ్ళెవరో సూపెట్టు. ఇంట్ల మనిషే అయితె గా మనిషే ముంగటికొచ్చి ఒప్పుకోవాలె. ఒప్పుకున్నోళ్ళను దేవుడు గూడ ఏమనడు. దాపెట్టినోళ్ళనే అంటడు.”

త్రివేణి మొగుడి వంక చూసింది. ఇరవైమంది ఉన్నారు, ఒక్క మాట చాలు. పరశురాం కొట్టం గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. రెండు చేతులూ ముందు కట్టుకుని, నేల చూస్తున్నాడు.

ఆ నిలబడ్డ తీరు ఆమెకు తెలుసు. వీడియోలో కర్ర ఎత్తినప్పుడు కూడా ఆయన అట్లాగే నిలబడ్డాడు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, పరుగెత్తలేదు. వీడియోను ఆమె ఒక్కసారే చూసింది. ఈ వాకిట్లోనే, ఈ జనంలోనే ఒకరి ఫోన్లో.

“చెప్పు బిడ్డా” అన్నాడు భిక్షం.

ఆయన పేరు చెబితే అత్త నీళ్ళు తాగుతుంది, గుర్రం బతుకుతుంది. మొగుడు మాత్రం బతకడు. ఊపిరి ఉంటుందేమో, మనిషి ఉండడు. చెప్పకపోతే ముసలామె ఈ సాయంత్రం దాటేలా లేదు. ఇద్దరినీ పక్కన పెడితే మిగిలింది ఒక్క పేరే.

“నేనే పెట్టిన” అంది త్రివేణి.

విసనకర్ర ఆగిపోయింది.

“నువ్వా?” లక్ష్మీనర్సమ్మ గోడ వదిలి ముందుకు వంగింది. “పొద్దుగాల లద్దె తెచ్చి నా పళ్ళెం ముంగట పెట్టిందానివి... నువ్వా?”

“బక్కగైతున్నదని పానం ఒప్పక, పావురం కొద్ది పెట్టిన. తిరగబెట్టేసరికి భయమైంది. నీ మీద పెట్టిన. తప్పైంది.”

మాటలొస్తాయన్నాడు కదా, వచ్చాయి. ఒక్కటి కూడా తడబడలేదు.

“థూ” అంది ఎవరో గుంపులోంచి. “అత్త మీద పెడ్తదా!” అంది ఇంకెవరో. భిక్షం చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. గిన్నె ఆయన తన దగ్గరికి జరుపుకున్నాడు. ఆమెను బండారి ముట్టమంటాడేమోనని త్రివేణి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన ముట్టమనలేదు. ఒప్పుకున్నవాళ్ళతో ఒట్టు వేయించరు. గిన్నెలోంచి చిటికెడు తీసి లక్ష్మీనర్సమ్మ నుదుట పెట్టి, చెంబు అందించాడు.

ముసలామె చెంబెడు నీళ్ళూ ఎత్తిన చెయ్యి దించకుండా తాగింది. త్రివేణికి ప్రాణం లేచి వచ్చింది. ఇక అయిపోయిందనుకుంది. నాలుగు తిట్లు పడతాయి, పడనీ. గురువారం డాక్టరమ్మ వస్తుంది. ఈలోపు రాత్రింబగళ్ళు గుర్రం పక్కనే కూర్చుంటే సరి.

“ఇగ నీ చెయ్యి దాని మీద పడొద్దు” అంది లక్ష్మీనర్సమ్మ, మూతి తుడుచుకుంటూ.

త్రివేణికి అర్థం కాలేదు.

“నాకు గూడ వద్దు ఆ తాళం. ముసల్దాన్ని, మల్ల నా మీదికే వస్తది.” కొంగు ముడి విప్పి చెవి తీసింది. “నాలుగు నెలల సంది ఆడోళ్ళు సూసి ఏం బాగుచేసిన్రు? గుర్రాల సంగతి ఎరుకైనోడు ఇంట్లనే ఉన్నడు.”

“సక్కని మాట” అన్నాడు భిక్షం. “మేత, నీళ్ళు, గిట్టలు, అన్నీ ఆయన చేతులనే. త్రివేణీ, నువ్వు తడక దాటి లోపలికి పోవద్దు బిడ్డా. పదిమందిల అంటున్న, మాట తప్పితె మంచిగుండదు.”

“తాతా...” అంది త్రివేణి.

“ఏంది బిడ్డా?”

నోరు తెరిచింది. ఏం చెప్పాలి? ఇప్పుడే కదా చెప్పింది, అందరూ వినేలా, తడబడకుండా. ఆ మాటను కాదనాలంటే ఆయన పేరు చెప్పాలి. చెప్పినా ఇక నమ్మేదెవరు? అత్త మీద వేసింది చాలక మొగుడి మీద కూడా వేస్తోందంటారు. అడకత్తెరలో పోకచెక్కకు కూడా ఏదో ఒకవైపు తెగే దారి ఉంటుంది. ఆమె ఉన్నచోట అది కూడా లేదు.

మొగుడి వంక చూసింది. నువ్వన్నా వద్దను. తెలిసినవాడివి, నీ చేతికి వద్దని నువ్వన్నా అను. కళ్ళతోనే అడిగింది, ఏడాదిగా అడగనంత గట్టిగా.

లక్ష్మీనర్సమ్మ లేవబోయి తూలింది. పరశురాం వచ్చి తల్లిని పట్టుకున్నాడు. ఆమె తాళంచెవిని కొడుకు అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

“సూస్కుంటవా నాయినా?” అన్నాడు భిక్షం.

“సూస్కుంట తాతా” అన్నాడు పరశురాం. ఏడాది తర్వాత మొదటిసారి ఆయన గొంతులో భయం లేదు.